బెంగళూరు వెళ్తున్న అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పగానే నా కడుపు నిండిపోయింది. మన ఇంటి ఆడపిల్ల ఒంటరిగా ఊరు మారి, సొంత జీతంతో అద్దె కట్టుకోవడం ఇదే మొదలు. ఆ సంతోషంలో ఉండగానే రెండో సంగతి మెల్లగా చెప్పింది. రాత్రి పని అట. ఎవరితోనూ కలిసి ఉండనని, విడిగా గది కావాలని పట్టుబట్టావట. గుచ్చి గుచ్చి అడిగితే అసలు విషయం బయటపడింది. నిద్ర పట్టే వేళకు చెవి పక్కనే ఏదో పేలినట్టు శబ్దం వినిపిస్తోందనీ, కేక పెట్టి లేస్తున్నావనీ, తోటి పిల్లలు పిచ్చి అనుకుంటారని నీ భయమనీ. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

నీ తలలో ఏదీ పేలడం లేదు తల్లీ. వైద్యులు దీన్ని ఎక్స్‌ప్లోడింగ్ హెడ్ సిండ్రోమ్ అంటారు. వినడానికి భయంకరంగా ఉన్నా ప్రాణానికి ఏ ముప్పూ లేదు. నిద్రలోకి జారేటప్పుడో, నిద్ర నుంచి తేలేటప్పుడో తుపాకీ పేలినట్టు, తలుపు ధడాలున కొట్టినట్టు క్షణకాలం వినిపిస్తుంది. కొందరికి కళ్ల ముందు మెరుపు కూడా మెరుస్తుంది. గుండె దడదడలాడుతుంది కానీ నొప్పి ఉండదు. 1876లోనే సైలస్ వీర్ మిచెల్ అనే అమెరికా వైద్యుడు ఇలాంటివారి గురించి రాశాడు. 2015లో అమెరికాలో 211 మంది కాలేజీ విద్యార్థులను అడిగితే, ఒక్కసారైనా ఇలా జరిగిందని 18 శాతం మంది చెప్పారు. నీ తరగతిలో కూర్చున్నవాళ్లలోనే ఎంతమంది నోరు విప్పకుండా ఉన్నారో!

ఎందుకు వస్తుందన్నది ఇంకా రుజువు కాలేదు. ఎక్కువమంది ఊహ ఇది. ఇంట్లో చివరగా పడుకునేవారు ఒక్కో గదిలో దీపం ఆర్పుకుంటూ వచ్చినట్టు, నిద్ర పట్టే ముందు మెదడు అడుగుభాగం చూపును, వినికిడిని, కదలికను వరుసగా సద్దుమణిగిస్తుంది. ఆ వరుసలో ఎక్కడో తడబాటు జరిగి, వినికిడికి సంబంధించిన కణాలు సద్దుమణగాల్సింది పోయి ఒక్కసారిగా రేగుతాయి. నిద్ర చాలకపోయినా, మనసు మీద బరువు ఎక్కువైనా ఇది పెరుగుతుంది. ఈ చివరి మాట గట్టిగా గుర్తుపెట్టుకో. మీ పెదనాన్న విషయంలో ఎవరమూ గమనించనిది అదే.

ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు. మేము చెన్నై పెరంబూరులో చిన్న పోర్షన్‌లో ఉండేవాళ్లం. ఆయనది షిఫ్టుల ఉద్యోగం. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఓ దీపావళి నెలలో మొదటిసారి ఉలిక్కిపడి లేచారు. ఎవరో టపాకాయ కాల్చి ఉంటారనుకున్నారు. పండుగ వెళ్లిపోయింది, శబ్దం వెళ్లలేదు. యంత్రాల రొదకు చెవులు చెడ్డాయేమోనని చెవి డాక్టరు దగ్గరికి వెళ్తే బాగానే ఉన్నాయన్నాడు. ఆఫీసులో ఎవరో చెబితే తాయెత్తు కట్టించుకున్నారు. అంతవరకు ఫరవాలేదు. ఆ తర్వాత ఆయన చేసిన పనే కొంప ముంచింది. శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాలని రాత్రంతా మేలుకోవడం మొదలుపెట్టారు.

నాకు తెలియనివ్వలేదు. నేను నిద్రపోయాక లేచి కూర్చునేవారు. వీధి తలుపు గడియ, గ్యాస్ సిలిండరు, మెట్ల కింద సైకిళ్లు, అన్నీ టార్చిలైటు వేసి చూసుకునేవారు. మళ్లీ వచ్చి గోడకు ఆనుకుని కాచుకునేవారు. తెల్లవారుజామున ఆపుకోలేక కన్ను మూతపడేది. మూతపడిన మరుక్షణం ధన్‌మని పేలేది. నిద్ర తక్కువయ్యేకొద్దీ శబ్దాలు ఎక్కువయ్యాయి, శబ్దాలు ఎక్కువయ్యేకొద్దీ ఇంకా మేలుకున్నారు. మనిషి సగమయ్యారు. అన్నం ముందు కూర్చుని కునికేవారు. నేను షుగరేమో అనుకుని రక్తపరీక్షలు చేయించాను.

సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే మంచం పక్కన సున్నపు గోడ మీద అరచేతి అంత నూనె మరక కనిపించింది. పడుకుంటే తల తగిలే ఎత్తులో లేదు, కూర్చుంటే తగిలే ఎత్తులో ఉంది. మధ్యలో నల్లగా, అంచుల్లో పసుపు పచ్చగా. అది ఒక రాత్రిలో పడే మరక కాదు. ఆయన్ను పిలిచి గోడ చూపించాను. అంత పెద్దమనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "నాకు మతి పోతోందేమోనని భయం. నీకు చెబితే నువ్వు కూడా భయపడతావని చెప్పలేదు" అన్నారు.

మర్నాడు ప్రభుత్వాసుపత్రిలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం. నొప్పి ఉందా, ఎంతసేపు ఉంటుంది, పూర్తిగా మెలకువగా ఉన్నప్పుడు ఎప్పుడైనా వినిపించిందా అని అడిగాడు. ఇది హాని చేసేది కాదు, నిద్రపోండి అన్నాడు. మందు కూడా రాయలేదు. ఆ రాత్రి పేలింది కానీ, ఆయన "వచ్చింది" అని నాతో అని పక్కకు తిరిగి పడుకున్నారు. పోను పోను నెలకోసారి, తర్వాత ఏడాదికోసారి అయింది. అంతకు ముందు ఆయన ఒంటరిగా కూర్చున్న ఆ రాత్రులు తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కాబట్టి నువ్వు కాపలా కాయకు. వచ్చినప్పుడు వచ్చిందనుకో, కళ్లు మూసుకో, ఫోను చేతిలోకి తీసుకోకు. రాత్రి పని కాబట్టి పగలు పడుకునే వేళ రోజూ ఒకటే ఉండేలా చూసుకో. కిటికీకి మందపాటి తెర వేయించు. పని చివరి గంటల్లో కాఫీ వద్దు. సెలవు రోజు సినిమాలనీ షాపింగనీ నిద్ర చెడగొట్టుకోకు.

నా భయం ఒకటుంది, విసుక్కోకుండా విను. అన్నీ ఉత్త శబ్దాలే అనే అలవాటులో నిజంగా ఏదైనా పేలితే కూడా పడుకునే ఉంటావేమోనని. బెంగళూరులో ఏప్రిల్, మే వానలకు ట్రాన్స్‌ఫార్మర్లు పేలుతుంటాయి. నిజమైన శబ్దమైతే వీధికుక్కలు మొరుగుతాయి, ఫ్యాను ఆగుతుంది, పక్కింట్లో అలికిడి అవుతుంది. ఒక్క నిమిషం చెవి పెట్టు. వాసన గానీ పొగ గానీ తగిలితే ఆలోచించకుండా బయటికి వచ్చెయ్. సిలిండరు రెగ్యులేటరు మాత్రం పడుకునే ముందు ఒక్కసారి కట్టేస్తే చాలు. లేచి లేచి చూడవద్దు.

ఇంకో మాట. శబ్దంతో పాటు ఎప్పుడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా వస్తే అది ఇది కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నిద్రలో ఒళ్లు బిగుసుకుని కొట్టుకున్నా, నాలుక కరుచుకున్నా, పగలు మెలకువలో శబ్దాలు వినిపించినా ఆలస్యం చేయకు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ అని మనసు, నరాల జబ్బుల పెద్దాసుపత్రి ఉంది. అది పిచ్చివాళ్లు వెళ్లే చోటని ఎవరైనా అంటే పట్టించుకోకు, నరాల జబ్బులకు మన జిల్లాల నుంచి రోజూ జనం అక్కడికే వెళ్తారు. మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు మాత్రం తెచ్చుకోకు. అలవాటైన మాత్రలు ఉన్నట్టుండి మానేసినా ఈ శబ్దాలు రావచ్చు.

ఇక ఆ విడి గది ఆలోచన మానుకో. నీకు ధైర్యం లేదని కాదు, నీ ధైర్యం నాకు తెలుసు. సిగ్గుతో దాచుకోవడానికి గది తీసుకోవడం నాకు ఇష్టం లేదు. చేరిన మొదటి రోజే పక్క మంచం అమ్మాయితో చెప్పు. "నిద్రలో ఉలిక్కిపడి అరుస్తాను, కంగారుపడకు, రెండు నిమిషాల్లో సర్దుకుంటాను" అంటే చాలు. నవ్వితే నవ్వనీ. మూడోరోజుకు ఆ పిల్లే మంచినీళ్లు అందిస్తుంది.

సామాను సర్దడానికి నేను, మీ అమ్మ బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాం. తెర గుడ్డ నేనే కుట్టి తెస్తాను, కిటికీ కొలతలు పంపు. ఆ అమ్మాయి ఫోను నంబరు కూడా.

ప్రేమతో,
పెద్దమ్మ