మంచం పక్కన కూర్చునే ముందు

నాయనా,

ప్రభువు నామంలో వందనాలు. సంఘంలో జబ్బుపడ్డవాళ్లను చూసి రావడం నీకు అప్పజెప్పారని, మొదట వెళ్లాల్సింది ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పేసిన పెద్దాయన దగ్గరికని రాశావు. "పరలోకం గురించి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఉండనీ. నీ వయసులో నాకు ఆ టెన్షన్ లేకే తప్పులు చేశాను.

ఒకసారి ఒక ముసలామె మంచం పక్కన నిలబడి, బైబిల్లో పరలోక పట్టణాన్ని వర్ణించే ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం అందుకున్నాను. పన్నెండు గుమ్మాలు, పన్నెండు ముత్యాలు, బంగారు వీధి, ఏదీ వదల్లేదు. ఆమె ఓపిగ్గా విని, "బాగుందయ్యా. మరి లోపలికెళ్లాక నన్నెవరైనా పలకరిస్తారా?" అంది. ఏం చెప్పాలో తోచక ప్రార్థన చేసి వచ్చేశాను. జవాబు ఆ అధ్యాయంలోనే ఉంది, ముత్యాల తొందరలో నేను దాటేసిన 3, 4 వచనాల్లో. దేవుడే వాళ్లతో కాపురముంటాడు, వాళ్ల కన్నుల ప్రతి బాష్పబిందువును తుడిచివేస్తాడు. ఒకరి కన్నీళ్లు తుడవాలంటే ఎంత దగ్గరికి రావాలో చూడు.

ఈ సంగతి నాకు పూర్తిగా తెలిసొచ్చింది మా ఆవిడ ప్రభువులో నిద్రించాకే. తలుపు చప్పుడైతే చాలు, లోపల్నుంచి "వచ్చారా?" అనేది. వచ్చానని తెలుసు, అయినా అడిగేది. ఇప్పుడూ అవే గోడలు, చీకట్లో కూడా చెయ్యి తిన్నగా వెళ్లే అదే స్విచ్చు. తాళం నేనే తీసుకుంటాను. లోపలికెళ్లాక కూడా కాసేపు ఇంటికొచ్చినట్టే ఉండదు.

అందుకే పరలోకాన్ని కట్టడంలా వర్ణించకు. యోహాను 14లో ప్రభువు తన తండ్రి ఇంట అనేక నివాసాలున్నాయన్నాడు గానీ అవి ఎలా ఉంటాయో ఒక్క ముక్కా చెప్పలేదు. "నేనుండు స్థలములో మీరును ఉండులాగున" అన్నాడు, అంతే. అదే అధ్యాయం 23వ వచనంలో నివాసం అనే మాట మళ్లీ వస్తుంది. ఈసారి తనను ప్రేమించేవాడి దగ్గరికి తండ్రీ తానూ వచ్చి నివాసం చేస్తామంటాడు. మూలంలో ఉన్న ఆ గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లే ఉంది. ఇన్నేళ్లూ ఎవరు తన దగ్గర ఉన్నారో, ఆ పెద్దాయన వెళ్లేది వాళ్లింటికే. దీన్ని అక్కడ ప్రసంగం చెయ్యకు. నీ మనసులో ఉంటే గొంతులో తెలుస్తుంది.

వెళ్లగానే కూర్చో. నిలబడ్డవాణ్ణి చూస్తే ఎప్పుడెప్పుడు వెళ్లిపోదామా అన్నట్టుంటాడు. యోహాను 14లో మొదటి మూడు వచనాలు మెల్లగా చదువు, చాలు. ఆయన కళ్లు మూసుకునున్నా వింటున్నాడనే అనుకో. తల దగ్గర గుసగుసలు వద్దు.

నొప్పితో మూలిగితే విశ్వాసం తగ్గిందనుకోవద్దని ఇంట్లోవాళ్లకు చెప్పు. అపొస్తలుడైన పౌలు గుడారాలు కుట్టి బతికినవాడు. గుడారం ఎంతకాలం నిలుస్తుందో ఆయనకు తెలియనిదా? ఈ ఒంటిని గుడారం అన్నది ఆయనే, అందులో ఉండి మూల్గుచున్నాము అన్నదీ ఆయనే (2 కొరింథీ 5).

"నాలాంటివాణ్ణి రానిస్తాడా" అని ఆయన అడగొచ్చు. చాలామంది అడుగుతారు, ముఖ్యంగా జీవితమంతా పద్ధతిగా బతికినవాళ్లు. అప్పుడు లూకా 15 తియ్యి. తప్పిపోయిన కొడుకు దారిలో ఒక మాట సిద్ధం చేసుకుంటాడు కదా, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో అని. ఇంటికొచ్చాక ఆ మాట అననే అనడు. తండ్రి అప్పటికే పరుగెత్తుకొచ్చి మెడ మీద పడ్డాడు, మంచి వస్త్రం తెమ్మంటున్నాడు.

ఇంకో సంగతి, ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. ఒకాయన ఆస్పత్రిలో రెండు రోజులు "ఇంటికెళ్లిపోతాను" అంటూనే ఉన్నాడు. నేను ఆయన పిల్లలతో, నాన్నగారు పరలోకం గురించి మాట్లాడుతున్నారని చెప్పాను. పాపం, ఆయన అడిగింది తన గది, తన మంచం. తీసుకెళ్లడానికి వీలుండేది కూడా. ఎవరూ తీసుకెళ్లలేదు, నా మాట విని. కాబట్టి ఇంటికి అంటే ఏ ఇంటికో ముందు అడుగు. ఈ ఇంటికే అయితే డాక్టరుతో మాట్లాడమని వాళ్ల పిల్లలకు చెప్పు.

ఏడవొద్దని మాత్రం ఎవరితోనూ అనకు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును కాసేపట్లో బతికించి లేపబోతూ కూడా ప్రభువు కన్నీళ్లు విడిచాడు.

ఆ ముసలామె సంగతి సగంలో వదిలేశాను. నాలుగు రోజులకు మళ్లీ వెళ్లాను. కూర్చుని, బాష్పబిందువు దగ్గర ఆపి, "నిన్ను పలకరించేది ఆయనేనమ్మా" అన్నాను. "అయితే సరే" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఇంకేం చదవనివ్వలేదు.

రేపు సాయంత్రం వెళ్తున్నావు కదా. ఇంటికి చేరాక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

నీ పెదనాన్న