చక్కెరలో అయాన్లు లేవు కదా, మరి నీళ్లలో ఎలా కరుగుతుంది?

ఉప్పంటే అయాన్లు, అంటే ప్లస్, మైనస్ చార్జ్ ఉన్న కణాలు, కాబట్టి కరిగింది, చక్కెరలో అవి లేవు కదా అన్నది మీ డౌటు. ఇంటర్లో నాదీ ఇదే డౌటు, చక్కెర కూడా అయాన్లుగా విడిపోతుందని పరీక్షలో రాసి మార్కులు పోగొట్టుకున్నా. తర్వాత మా మేడమ్ ల్యాబ్‌లో బ్యాటరీ, బల్బు పెట్టి చూపించారు, ఉప్పు నీళ్లలో వైర్లు ముంచగానే బల్బు వెలిగింది, చక్కెర నీళ్లలో ఎంతసేపు ఉంచినా వెలగలేదు. అంటే చక్కెర కరిగినా దాని అణువు ముక్కలవలేదు, ఒక అణువుకీ పక్క అణువుకీ మధ్య ఉన్న పట్టు మాత్రమే ఊడింది.

ఆ పట్టు ఊడదీసేది హైడ్రోజన్ బంధాలే, అంటే ఒక అణువులోని హైడ్రోజన్‌కీ పక్క అణువులోని ఆక్సిజన్‌కీ మధ్య ఉండే ఆకర్షణ. నీటి అణువు తిన్నటి గీతలా ఉండదు, 104.5 డిగ్రీల దగ్గర వంగి ఉంటుంది, అందుకే ఆక్సిజన్ వైపు కొంచెం నెగెటివ్, హైడ్రోజన్ల వైపు కొంచెం పాజిటివ్. చక్కెర అణువుకేమో 8 ఓహెచ్ గ్రూపులు (ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు) ఉన్నాయి, స్ఫటికంలో అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, నీళ్లు వచ్చి అదే రకం పట్టు ఇస్తాయి కాబట్టి పాతది వదిలేసినా చక్కెరకి పెద్దగా నష్టం లేదు. అందుకే 100 గ్రాముల నీళ్లలో మామూలు వేడి దగ్గరే దాదాపు 200 గ్రాములు కరుగుతుంది, ఉప్పయితే 36 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది!

ఉప్పు సంగతి వేరు, అక్కడ సోడియం చుట్టూ నీటి ఆక్సిజన్లు, క్లోరైడ్ చుట్టూ నీటి హైడ్రోజన్లు తిరిగి నిలబడతాయి. స్ఫటికం విడగొట్టడానికి మోల్‌కి (ఉప్పయితే సుమారు 58 గ్రాములు) సుమారు 787 కిలోజౌల్స్ కావాలి, నీళ్లు చుట్టుముట్టినప్పుడు దాదాపు అంతా తిరిగొస్తుంది, ఓ 4 తక్కువ పడుతుంది. ఆ కాస్త వేడి నీళ్ల నుంచే తీసుకుంటుంది. మరి నష్టమైనా ఎందుకు కరుగుతుందంటే, అయాన్లు చెల్లాచెదురైతే ఎంట్రోపీ, అంటే అస్తవ్యస్తత, పెరుగుతుంది కాబట్టి.

ఇక నూనెని నీళ్లు తోసేస్తాయి అంటారు చూడండి, ఆ మాట నాకు నచ్చదు, తప్పు కూడా. వాటి మధ్య కూడా ఆకర్షణ ఉంది, కాకపోతే నీళ్లకి నీళ్లతో ఉన్న పట్టు ఇంకా గట్టిది. డిగ్రీలో టెస్ట్‌ట్యూబుల్లో చేసి చూశా, రెండు కార్బన్ల ఇథనాల్ ఎంత పోసినా కలిసిపోయింది, నాలుగు కార్బన్ల బ్యూటనాల్ కాస్త కలిసి ఆగింది, ఎంత ఊపినా రెండు నిమిషాల్లో పైన సన్నటి పొర తేలింది. రెండింటికీ ఉన్నది ఒక్క ఓహెచ్చే, నూనెలాంటి కార్బన్ల తోక పొడవే తేడా.

బల్బు ప్రయోగం మీరూ చేస్తారా, అయితే 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఎల్ఈడీ, దానికో రెసిస్టర్ చాలు, గోడ ప్లగ్గు జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు.