సమాధానం: ఎర్రకణాలతో 3.3, ఆల్బుమిన్‌తో 4.6 – ఏది సరైనది?

నమస్తే అండి. స్ట్రోక్ పేషెంటు స్పెక్ట్ స్కాన్‌లో (రేడియోధార్మిక పదార్థం, అంటే ట్రేసర్, ఎక్కించి తీసే స్కాన్) 100 గ్రాముల మెదడుకు రక్త పరిమాణం ఎర్రకణాల ట్రేసర్‌తో 3.3 మి.లీ., ఆల్బుమిన్ (రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో ఉండే ప్రోటీన్) ట్రేసర్‌తో 4.6 మి.లీ. వచ్చిందని, ఏది సరైనదని అడిగారు. చేతి రక్తంలో హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 43 శాతం. టెన్షన్ పడకండి, ఈ తేడా రావాల్సిందే.

సన్నని రక్తనాళాల్లో ఎర్రకణాలు మధ్యలోకి చేరి ప్లాస్మా కంటే వేగంగా సాగిపోతాయి. అందుకే అక్కడి రక్తంలో వాటి వాటా చేతి రక్తంలో కన్నా తక్కువ. దీన్ని ఫారియస్ ప్రభావం అంటారు. మీరు రెండు లెక్కల్లోనూ చేతి రక్తాన్నే ప్రమాణంగా తీసుకున్నారు కాబట్టి ఎర్రకణాల లెక్క తగ్గింది, ఆల్బుమిన్ లెక్క పెరిగింది.

ఇలా విడదీయండి. 3.3 × 0.43 = 1.42, ఇది ఎర్రకణాలు. 4.6 × 0.57 (మిగిలిన 57 శాతం) = 2.62, ఇది ప్లాస్మా. మొత్తం రక్తం 4.04 మి.లీ. అంటే మెదడు హిమటోక్రిట్ సుమారు 35 శాతం, చేతి రక్తంతో నిష్పత్తి 0.82. చాలా పెట్ (ఇదీ రేడియోధార్మిక ట్రేసర్‌తో తీసే స్కానే) అధ్యయనాల్లో ఈ నిష్పత్తి 0.85 అని ముందే అనుకుని లెక్క కట్టేవారు. స్ట్రోక్ వచ్చిన చోట ఆ స్థిర సంఖ్యను దయచేసి వాడకండి. దెబ్బతిన్న వైపు, బాగున్న వైపు విడివిడిగా కొలవాలి.

రెండు ట్రేసర్లకూ టెక్నీషియం-99ఎమ్ అనే రేడియోధార్మిక పదార్థమే వాడి ఉంటే, మొదటి ఇంజెక్షన్ కౌంట్లను (స్కానర్ నమోదు చేసిన రేడియోధార్మిక సంకేతాలను) 6 గంటల అర్ధాయువు (రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం) ప్రకారం సరిచేసి రెండో స్కాన్ నుంచి తీసేశారా చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, రక్త-మెదడు అవరోధం (రక్తంలోని పదార్థాలు మెదడులోకి చేరకుండా అడ్డుకునే పొర) దెబ్బతింటే ఆల్బుమిన్ కణజాలంలోకి కారుతుంది. అప్పుడు ప్లాస్మా ఎక్కువగా, హిమటోక్రిట్ తక్కువగా కనిపిస్తాయి. కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన ఎమ్మారైలో ఆ భాగం మెరుస్తుంటే అక్కడి అంకెను పక్కన పెట్టండి.