హెన్లీ నుంచి మార్లో దాకా: నాన్నతో నడిచిన థేమ్స్ ఒడ్డు

వేసవికి మీ అమ్మానాన్నలు వస్తున్నారని, రోజంతా ఇంట్లో కూర్చోవడం వాళ్ళ వల్ల కాదని, లండన్ రద్దీ పడదని మీరు నాకు రాశారు. ఇంగ్లండ్‌లోని రెడింగ్ దగ్గర్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పొలాల మీదుగా నడిచి వెళ్ళే దారి ఉందా, ఎవరి భూమిలోనైనా అడుగుపెడితే గొడవ అవుతుందా అని అడిగారు. దారి ఉంది, గొడవేమీ కాదు. హెన్లీ నుంచి మార్లోకి నడవండి. సుమారు 14 కిలోమీటర్లు. చాలా భాగం థేమ్స్ ఒడ్డునే సాగుతుంది, ఎక్కి దిగే శ్రమ తక్కువ. నేను ఒంటరిగానూ, స్నేహితులతోనూ చాలాసార్లు నడిచాను. మూడేళ్ళ కిందట జూన్‌లో నాన్నతో నడిచిన రోజు మాత్రం మరిచిపోలేను.

ముందు భూమి సంగతి చెబుతాను, ఎందుకంటే నాన్న కూడా అక్కడే ఆగిపోయారు. యాస్టన్ అనే చిన్న పల్లె దగ్గర దారి కాసేపు నదిని వదిలి, కల్హమ్ కోర్టు అనే పెద్ద బంగళా ముందున్న పచ్చికలోంచి పోతుంది. గేటు ముందు నాన్న నిలబడిపోయారు. "ఇది ఎవరిదో వాకిలిలా ఉందమ్మా, అడగకుండా ఎలా వెళ్తాం?" అన్నారు. ఆయన రైతు. తన చేలో ఎవరైనా అడ్డంగా నడిస్తే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. గేటు పక్క గుంజ మీద ఉన్న ఓక్ కాయ బొమ్మ (ఇక్కడి జాతీయ నడక దారుల గుర్తు), బాణం గుర్తు చూపించాను. నేల యజమానిదే, దాని మీదుగా నడిచే హక్కు మాత్రం అందరిదీ. 1949లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి దారులను స్థానిక ప్రభుత్వాలు పటాల్లో నమోదు చేశాయి. యజమాని వాటిని మూసేయడానికి వీల్లేదు. నేను చెప్పిందంతా విని నాన్న, "అయితే ఇది మన పుంత లాంటిదే" అన్నారు. గోదావరి పల్లెల్లో చేల మధ్య నుంచి పోయే, ఊరందరికీ చెందిన బండిదారిని పుంత అంటారు. నేను ఇన్నేళ్ళుగా స్నేహితులకు వివరించలేక తడబడిన విషయాన్ని ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. ఇక ఆ తర్వాత ప్రతి గేటూ ఆయనే తీసి, మేం దాటాక ఆయనే జాగ్రత్తగా మూశారు.

మీరు పాటించాల్సిందీ అంతే. దారి వదలకండి, గేట్లు ఎలా ఉన్నవి అలాగే ఉంచండి. గుంజల మీద పసుపు బాణం ఉంటే నడిచేవాళ్ళకే, నీలం బాణం ఉంటే గుర్రాలకూ సైకిళ్ళకూ కూడా అని అర్థం.

దారి సంగతి. హెన్లీ స్టేషన్ నుంచి ఊళ్ళోకి నడిస్తే 1786 నాటి రాతి వంతెన వస్తుంది. దాన్ని దాటి ఎడమవైపు తిరగండి. పూర్వం గుర్రాలు ఒడ్డు వెంట నడుస్తూ పడవలను లాగిన దారి ఇది, అందుకే ఇంత చదునుగా ఉంటుంది. 1839 నుంచి పడవ పందేలు జరుగుతున్నది ఈ తిన్నని పాయలోనే. పందేలు జూలై మొదట్లో ఉంటాయి. ఆ వారం మాత్రం వెళ్ళకండి, ఒడ్డంతా జనంతో నిండిపోతుంది. నది మధ్యనున్న టెంపుల్ ఐలాండ్ అనే లంక దాటి ముందుకు వెళ్తే హాంబుల్డెన్ లాకు. లాకు అంటే పడవలను ఎగువ నీళ్ళ నుంచి దిగువ నీళ్ళకు దించే, ఎక్కించే తలుపుల తొట్టి. అక్కడ ఆనకట్ట మీదుగా అవతలి ఒడ్డుకు కాలినడక వంతెన ఉంది. కాళ్ళ కింద నీళ్ళు నురగలు కక్కుతూ దూకుతుంటాయి, ఎదురుగా తెల్లటి పాత చెక్క మిల్లు కనబడుతుంది. మన దారికి అది పక్కదారే అయినా తప్పకుండా వెళ్ళి రండి.

హర్లీలో మరో లాకు ఉంది. మేం పులిహోర పొట్లాలు విప్పింది దాని పక్క గడ్డి మీదే. ఒక పొడవాటి పడవ లోపలికి వచ్చింది. వెనక తలుపులు మూసుకున్నాయి. నీళ్ళు మెల్లగా దిగుతుంటే పాచి పట్టిన తడి గోడలు ఒక్కో జానెడే పైకి లేస్తున్నట్టు కనిపించాయి. పడవలోని ముసలాయన తాడు వదులు చేస్తూ, చేస్తూ, చివరికి మా పాదాల కంటే ఎంతో కిందికి దిగిపోయాడు. ముందు తలుపులు తెరుచుకున్నాయి, పడవ వెళ్ళిపోయింది. నాన్న చేతిలో పులిహోర అలాగే ఉంది. "ఇవి మన లాకులే!" అన్నారు. మా ఊరు ఆత్రేయపురం దగ్గర. లొల్ల లాకులు చూస్తూ పెరిగిన మనిషి. కాటన్ దొర ఆధ్వర్యంలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు పారాయి, వాటితో పాటే లాకులూ వచ్చాయి. చిన్నప్పుడు ధాన్యం పడవలు లాకు దాటేదాకా గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళమని నాన్న ఆ రోజే మొదటిసారి నాకు చెప్పారు. ఇక్కడ తలుపులు బటన్ నొక్కితే కదులుతాయని చూసి, తనే దగ్గరికి వెళ్ళి లాకు చూసుకునే ఆయనకు సైగలతోనే ఏవో ప్రశ్నలు వేశారు. మేం అక్కడి నుంచి కదిలేసరికి గంటన్నర పట్టింది. అందుకే చెబుతున్నాను, మీవాళ్ళతో వెళ్ళినప్పుడు మధ్యాహ్నానికల్లా మార్లో చేరాలని లెక్కలు వేసుకోకండి. వేసవిలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురే.

హర్లీ దాటాక 1989లో కట్టిన చెక్క వంతెన మీదుగా అవతలి ఒడ్డుకు మారాలి, అది తెరిచి ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. అక్కడి నుంచి మార్లో దాకా మైదానం. ఎదుటి ఒడ్డున నీళ్ళ అంచునే బిషమ్ చర్చి కనిపిస్తుంది. మార్లోలో వేలాడే వంతెన ఉంది, 1832లో పూర్తయింది. దాన్ని రూపొందించిన విలియం టియర్నీ క్లార్కే తర్వాత బుడాపెస్ట్‌లో డాన్యూబ్ మీద ఇంతకంటే పెద్ద వంతెనకు రూపకల్పన చేశాడు.

కొన్ని జాగ్రత్తలు. దారిలో ఆవులు మేస్తుంటాయి. దూడ ఉన్న ఆవు దగ్గరికి పోకండి, తల్లీ దూడల మధ్య నుంచి అసలే నడవకండి. నేను మొదటిసారి నవంబరులో మామూలు పరుగు బూట్లతో వెళ్ళాను. మోకాలి దాకా బురద అంటింది, ఒకచోట నది దారి మీదికే వచ్చేసింది, సగంలో వెనక్కి తిరిగాను. మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్ళండి, చీలమండను పట్టి ఉంచే బూట్లు వేసుకోండి. ఆర్డ్‌నన్స్ సర్వే అనే ఇక్కడి ప్రభుత్వ పటాల సంస్థ వేసిన ఎక్స్‌ప్లోరర్ పటాల్లో 171, 172 నంబరువి ఈ దారి మొత్తాన్ని చూపిస్తాయి. వాటిలో ఆకుపచ్చ రంగులో తెగి తెగి సాగే గీతలు మనం నడవదగిన దారులు. నీళ్ళు, తిండి వెంట ఉంచుకోండి, టాయిలెట్ అవసరం హెన్లీలోనే తీర్చుకోండి. 14 కిలోమీటర్లు మీ అమ్మగారికి కష్టమనిపిస్తే హెన్లీ నుంచి హాంబుల్డెన్ లాకు దాకా వెళ్ళి వెనక్కి రండి, సగం దూరమే అవుతుంది.

వెళ్ళేటప్పుడు ట్వైఫర్డ్‌లోనూ, మార్లో నుంచి తిరిగి వచ్చేటప్పుడు మెయిడెన్‌హెడ్‌లోనూ రైలు మారాలి. మార్లోకి వచ్చేది చిన్న రైలు, దాని వేళలు ముందే చూసుకోండి. ఆ రైల్లోనే నాన్న, "కాటన్ దొర సమాధి ఈ దేశంలోనే ఎక్కడో ఉండాలి కదమ్మా" అని అడిగారు. డార్కింగ్‌లో ఉంది, రెడింగ్ నుంచి నేరుగా రైలు పోతుంది. తర్వాతి ఆదివారం పూలు తీసుకుని వెళ్ళాం.