రూట్ చేస్తే వారంటీ మొత్తం పోయినట్లేనా?

ప్రశ్న: 2024 జనవరిలో హైదరాబాద్‌లో 32,000 రూపాయలకు ఫోను కొన్నాను. ఏడాది వారంటీ ఉంది. జూన్‌లో చార్జింగ్ సరిగా ఎక్కకపోతే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. శుభ్రం చేసి ఇచ్చేశారు. జూలైలో, కంపెనీ ముందే ఎక్కించిన అక్కరలేని యాప్‌లను తీసేయడానికి బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి (ఫోను ఆన్ అయ్యేటప్పుడు కంపెనీ సాఫ్ట్‌వేరే నడవాలనే తాళం తీసి) ఫోనును రూట్ చేశాను, అంటే లోపలి సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్నాను. ఆగస్టులో చార్జింగ్ పూర్తిగా ఆగిపోయింది. 'రూట్ చేశారు కాబట్టి వారంటీ వర్తించదు, బోర్డు మార్చాలంటే 17,000 కట్టండి' అన్నారు. నా డబ్బుతో కొన్న ఫోను మీద నాకు హక్కు లేదా? చనిపోయిన మా అమ్మ గొంతు రికార్డింగులు అందులోనే ఉండేవి. ఈ మనోవేదనకు అయిదు లక్షలు అడగవచ్చా? తెలిసిన మెకానిక్ ఒకరు రూట్ చేసిన ఆనవాళ్లు తుడిచేస్తానంటున్నారు. జాబ్ షీట్లు (మరమ్మతుకు ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ రాసిచ్చే కాగితాలు) దాచుకోలేదు.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ బాధంతా ఫోను మీద యజమానికి ఉండవలసిన స్వేచ్ఛ గురించి. కేసు అక్కడ తేలదు. మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన జూన్ సంగతి దగ్గర తేలుతుంది. రూట్ చేసింది జూలైలో. చార్జింగ్ లోపం చెప్పి ఫోను ఇచ్చింది అంతకు ముందు నెలలో. జూన్‌లో బయటపడిన లోపానికి జూలైలో చేసిన పని ఎలా కారణమవుతుంది? కంపెనీ చేత జవాబు చెప్పించవలసిన ప్రశ్న ఇది ఒక్కటే.

ఆ ప్రశ్నకు ఆధారమైన జాబ్ షీటునే పారేశారు! వేల రూపాయల వస్తువు కొని, దాని కాగితాలను చిత్తుగా చూసే ఈ అలవాటు వల్ల గెలవవలసిన కేసులు ఓడిపోతున్నాయి. ఫోను తీసుకున్నప్పుడు, తిరిగి ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్లు సాధారణంగా ఎస్ఎంఎస్‌లు, మెయిళ్లు పంపుతాయి. ఈ రోజే వెతకండి. ఫోను ఐఎంఇఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) మీద జరిగిన సర్వీసు వివరాలన్నీ ఇవ్వాలని కంపెనీ ఫిర్యాదుల విభాగానికి మెయిల్ రాయండి, రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. ఇవ్వకపోయినా నష్టం లేదు. పత్రాలు తెప్పించే విషయంలో వినియోగదారుల కమిషన్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉన్నాయి, అక్కడ అడగవచ్చు. అమ్మిన దుకాణం నుంచి బిల్లు నకలు తీసుకోండి.

అన్‌లాక్ చేసిన తేదీ కూడా రుజువు కావాలి. మీ కంపెనీ తన సర్వర్ నుంచే అన్‌లాక్‌కు అనుమతి ఇచ్చేదైతే, ఆ మెయిలో, ఖాతాలోని నమోదో మీకు అనుకూలమైన సాక్ష్యం. తెరపట్టులు (స్క్రీన్‌షాట్లు), మెయిళ్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రం జత చేయండి. కమిషన్‌లో సాక్ష్య నియమాల పట్టింపు కోర్టులో ఉన్నంత ఉండదు గానీ, ఎదుటి పక్షానికి సందు ఇవ్వడమెందుకు?

మీరు చెప్పని సంగతి ఒకటి అడుగుతున్నాను. రూట్ చేశాక కెర్నల్ (ఫోను హార్డ్‌వేర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్) కూడా మార్చారా? చార్జింగ్ వేగం పెంచుతామనే కెర్నళ్లు ఉన్నాయి. అలాంటిది ఎక్కించి ఉంటే, బోర్డు మీద చార్జింగ్ చిప్ కాలింది అందువల్లేనని కంపెనీ అంటుంది. ఆ వాదనకు బలం ఉంటుంది. కేబుల్ దూర్చే సాకెట్ వదులైపోవడమే లోపమైతే, ఏ సాఫ్ట్‌వేరూ లోహపు పిన్నులను వంచలేదు. ఏది చెడిందో ప్రయోగశాల తేల్చాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 38వ సెక్షన్ కింద కమిషన్ వస్తువుకు సీలు వేసి పరీక్షకు పంపగలదు. రుసుము మీరు కట్టవలసి వస్తుంది, కట్టండి. అప్పటిదాకా ఫోనును ఎవరి చేతా విప్పించకండి.

మెకానిక్ మాట ససేమిరా వినవద్దు. కంపెనీ డిజిటల్ సంతకం లేని సాఫ్ట్‌వేర్ ఒకసారి నడిస్తే, నాక్స్ అనే భద్రతా వ్యవస్థ ఉన్న సామ్‌సంగ్ ఫోన్లలో చిప్‌లోని ఒక ఫ్యూజు శాశ్వతంగా కాలిపోతుంది. పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించినా ఆ గుర్తు చెరగదు. మీ ఫోనులో అది లేకపోయినా అన్‌లాక్ నమోదు కంపెనీ దగ్గర ఉండవచ్చు. రూట్ చేయలేదని అఫిడవిట్ ఇచ్చి దొరికిపోతే కేసు పోవడంతో ఆగదు. తప్పుడు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు జైలు. అదే మెకానిక్ బోర్డు మార్చి పాత ఐఎంఇఐ ఎక్కిస్తానంటే అది ఇంకా ఘోరం. టెలికమ్యూనికేషన్ల చట్టం 2023, 42వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రూట్ చేసినట్టు ఫిర్యాదు మొదటి పేరాలోనే తేదీతో సహా ఒప్పుకోండి. ఆ తేదీయే మీ బలం.

ఒప్పుకుంటే నేరమవుతుందని భయపడకండి. కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించిన వారికి వర్తిస్తుంది. సొంత ఫోనులో అక్కరలేని యాప్‌లు తీసేసుకోవడం ఆ కోవలోకి రాదు.

రూట్ చేస్తే వారంటీ చెల్లదన్న షరతే అన్యాయమని వాదించాలని మీకు ఉంది. అన్యాయమైన ఒప్పందం మీద ఫిర్యాదు రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. 32,000 ఫోనుకు ఆ దారి వద్దు. ఈ లోపానికి ఆ షరతు వర్తించదని చెప్పండి, జిల్లా కమిషన్‌లోనే తేలిపోతుంది.

అయిదు లక్షలు అడగకండి. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసేటప్పుడు ఆండ్రాయిడ్ ఫోనులోని సమాచారం చెరిగిపోతుంది, ఆ హెచ్చరిక తెర మీద వస్తుంది. రికార్డింగులు వేరేచోట దాచి మళ్లీ ఎక్కించుకోకపోతే అవి పోయింది మీ చేతుల మీదుగానే. ఎదుటి న్యాయవాది మొదట అడిగేది అదే. ఉచిత మరమ్మతు, కాదంటే ధర వడ్డీతో వాపసు, ఖర్చులు కోరండి.

ఇక కాలపరిమితి. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం (కేసు వేయడానికి దారితీసిన సంగతి) తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లు. కంపెనీ నిరాకరించిన 2024 ఆగస్టు నుంచి లెక్క అని మనం అంటాం, లోపం కనిపించిన జూన్ నుంచి అని వాళ్లు అంటారు. కాబట్టి 2026 జూన్‌లో ఆ తేదీ రాకముందే ఫిర్యాదు దాఖలు చేయాలి. నోటీసులు ఇచ్చినంత మాత్రాన, మెయిళ్లు రాసినంత మాత్రాన గడువు పెరగదు. దాటిపోతే జాప్యానికి తగిన కారణం చూపాలి. ఊరికే ఊరుకున్నాననడం కారణం కాదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి, కానీ దాని జవాబు కోసం కూర్చోకండి. 15 రోజుల గడువుతో తయారీదారుకు, అమ్మిన దుకాణానికి, సర్వీస్ సెంటర్‌కు నోటీసు పంపండి. ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. హైదరాబాద్‌లో కొన్నా, మీరు ఉంటున్న కాకినాడ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫిర్యాదు రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు.