తారీఖులు మూసిపెట్టి చదువు

నల్లగొండ

బిడ్డా,

నీ నోట్‌బుక్కులు అందినయి. ఉగాది నాడు మొదలుపెట్టి ఏడాది పొడుగునా రోజుకో పేజీ రాస్తనని పంతం పట్టినవు, పట్టినట్టే రాసినవు. మహిళా సంఘం మీటింగులు, సర్కారుకు వడ్లు కొనే సెంటర్ పని, ఇంటి చాకిరి, ఇన్నింటి నడుమ ఒక్క దినం తప్పకపోవుడు అల్కగ అయ్యే పని కాదు. చదివి సంతోషపడ్డ.

ఆఖరి నోట్‌బుక్కు అట్ట మీద పెన్సిల్‌తోని ఒక ప్రశ్న రాసినవు: ‘సార్, దీన్ని పుస్తకం వేద్దామా?’ జవాబు ముందే చెప్త. ఇప్పుడు వద్దు. ఐదు వందల కాపీలు కొట్టిస్తవు. ఆవిష్కరణ సభ పెట్టి నా అసోంటోళ్లను నలుగురిని పిలిచి శాలువాలు కప్పుతవు. కప్పించుకున్నందుకు మేము ‘మట్టి పరిమళం’ అని తలా ఒక మాట అని భోజనాలకు లేస్తం. మిగిలిన కట్టలు అటకెక్కుతయి. ఈ జిల్లాలో రాసేటోళ్ల ఇండ్లల్లో బియ్యం బస్తాలకు జాగ లేకుండ చేసినయి అసోంటి కట్టలు.

లెక్క మీద నీకు మోజు ఉన్నట్టున్నది, 365 అని ప్రతి నోట్‌బుక్కు మీద రాసుకున్నవు. తప్పేం లేదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నందుకు సురవరం ప్రతాపరెడ్డి ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేసిండు. అందులో 354 మంది. నీ లెక్కకు దగ్గరిదే చూడు. కానీ అక్కడ లెక్కే జవాబు. ‘లేరు’ అన్నోనికి ‘ఇంతమంది ఉన్నరు, ఎంచుకో’ అని చూపాలె, ఎవరి పద్యం ఎంత గొప్పదన్నది ఆ తర్వాతి సంగతి. నీ లెక్క ఎవరికి జవాబు? ‘రోజూ రాసుడు నీతోని కాదు’ అన్న మీ ఆడబిడ్డకు. ఆమెకు జవాబు ముట్టింది, ఆ లెక్క పని అయిపోయింది. గడువు పెట్టుకొని రాసుడు కూడా మన దగ్గర కొత్త కాదు. 1922లోనే ఈ నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రికను వారం వారం తెచ్చిండు. ఆ గడువు అవతల చదివేటోళ్లు ఎదురుచూస్తుండిరి. నీ గడువు అవతల నువ్వే ఉన్నవు, అందుకే నిన్ను నువ్వు సులువుగా ఒప్పించుకున్నవు. ఎట్లనో చెప్త.

రోజుకో పేజీ నీ చేతికి మేలే చేసింది. మొదటి రెండు నెలలు ‘అద్భుతమైన’, ‘మధురమైన’ లేకుండ నీకు వాక్యం నడవలేదు. దసరా నాటికి అవి వాటంతట అవే రాలిపోయినయి. బతుకమ్మ తొమ్మిది దినాలూ బతుకమ్మ మీదనే రాసినవు. అందులో ఒక్కటి ఉంచు చాలు, తంగేడు పూలు దొరకక మీ అత్తతోని కాల్వ గట్టు పొంటి పోయి ఎవరిదో చెల్క కంచె దాటిన పేజీ. మిగిలినయి ఎవరైనా రాస్తరు.

ఇంకొకటి కూడా అలవాటైంది నీకు. వంటయి, పిల్లలు పండుకున్నంక, ఒక గంటలో తెమిలే సంగతులనే ఎంచుకొనుడు. వాన, చంద్రుడు, అమ్మ చేతి సర్వపిండి. ఇవి ఒక్క పేజీలో కుదురుతయి, చదివినోడు బాగుందంటడు. ఒక్క పేజీలో కుదరనివి నువ్వు మొదలుపెట్టి వదిలేసినవు.

కార్తీకంలో ఒక పేజీ ఉన్నది. మీ సెంటర్ కాడ ఒక ముసలాయన వడ్ల కుప్ప. మిషన్ కోసిన వడ్లు, రోడ్డు మీద ఆరబోసి, ఎగబోసి తెచ్చిండు. నువ్వు తేమ మిషన్‌లో పోసి చూసినవు. తేమ నూటికి 17 దాటొద్దు, 17.8 చూపింది. ఆయన కుప్పలో చెయ్యి పెట్టి రెండు గింజలు తీసి, పండ్ల నడుమ పెట్టి కొరికి, ‘కటుక్కుమన్నది, ఇన్నవా?’ అని నిన్ను అడిగిండు. మీద మబ్బు. కప్పనీకె పట్టా ఇంకా కిరాయికి తేలేదు. నువ్వు కూడా ఆ చప్పుడు విన్నవు, కానీ ట్యాబ్‌లో ఎక్కించాల్సింది మిషన్ అంకె. అక్కడికి పేజీ అయిపోయింది. ‘మిగతాది రేపు’ అని గీత గీసినవు.

తెల్లారి పేజీ తిప్పితే కార్తీక పున్నమి దీపాలున్నయి. బాగనే రాసినవు. కానీ నాకు దీపాలెందుకు బిడ్డా? ఆ వడ్లేమైనయి? రాత్రి వాన పడ్డదా? ఆయన ఇంకో దినం ఆరబోసిండా, విసిగి పచ్చి వడ్లు కొనే మిర్యాలగూడ మిల్లుకు ట్రాక్టర్ తోలిండా? తోలితే ఎంతకు అడిగిరి? సెంటర్‌లోనే అమ్మితే గన్నీ సంచులు దొరికినయా, లారీ ఎప్పుడొచ్చింది, తరుగు కింద బస్తాకు ఎంత తీసిరి, పైసలు ఖాతాలో పడేదాక ఇంట్లో ఎట్ల ఎల్లింది? కాంటా పెట్టిన హమాలీలు ఆ పొద్దు ఏం తిన్నరో కూడా నీకు తెలుసు. ఇదంతా రాస్తే గంటలో అయితదా? కాదు. అందుకే దీపాలు పెట్టినవు.

సెంటర్ మీద మాటొస్తదన్న భయం కూడా కొంత ఉన్నట్టుంది. ఉండాలె, రేపు మళ్ల అదే కుర్చీలో కూర్చోవాలె కదా. ఊరి పేరు మార్చు, మనిషి పేరు మార్చు. గింజ కొరికిన తీరు మాత్రం మార్చకు.

ఇక చేయాల్సిన పని. పేజీల మీద తారీఖులు మూసిపెట్టి, ముందటిది వెనకకు, వెనకటిది ముందటికి తిప్పుకుంట చదువు. నేను చదివితే మూడు పేజీలు దగ్గరికొచ్చినయి.

జ్యేష్ఠంలో మీ తాత మీద ఒకటి రాసినవు. పాలమూరు దిక్కు నుంచి రాళ్లు మోయనీకె నాగార్జునసాగర్‌కు వచ్చి, డ్యాం అయినంక మళ్ల పోలేదని ఒక్క వాక్యంలో చెప్పి, మిగతా పేజంతా ఆయన చుట్ట వాసన నింపినవు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిండు, 1967లో కాల్వలకు నీళ్లు వదిలిరి. ఆ ఏండ్లన్నీ మీ తాత ఎక్కడ గుడిసె వేసుకున్నడు? ఎవరితోని వచ్చిండు, మేస్త్రీ ఎవరు, వారం కూలి ఎంత? 124 మీటర్ల ఎత్తు రాతి కట్టడం అది. ఆ రాయి ఎవరో ఒకరు నెత్తిన పెట్టుకొని ఎక్కాలె. చుట్ట వాసన నాలుగు వాక్యాలుంటే సరిపోతది.

శ్రావణంలో ఇంకోటి. నార్లు పోసుకొని, ఎడమ కాల్వకు నీళ్లెప్పుడు వదుల్తరని మీ ఊరంతా సెల్‌ఫోన్లో సాగర్ నీటిమట్టం చూసుకుంట కూర్చున్న పేజీ. మూడోది ఈ తేమ మిషన్‌ది. నడుమ నెలలకు నెలలు వేరే ముచ్చట్లు ఉన్నయి కాబట్టి నీకు కనబడలేదు. తాత రాయి మోసిండు, ఆ రాయి నీళ్లు ఆపింది, ఆ నీళ్లతోని వడ్లు పండినయి, ఆ వడ్లు పచ్చిగున్నయని చెప్పే అంకె మనవరాలు చదువుతున్నది. ఏడాది పొడుగునా నీకు తెల్వకుండ నువ్వు దీని చుట్టే తిరిగినవు. పుస్తకం ఇది.

రేపే మొదలుపెడ్తనని కూర్చోకు. మా దిక్కు బత్తాయి తోటలు చూసినవు కదా. పూతకు ముందు నీళ్లు ఆపి చెట్టును బెట్టకు తెస్తరు. ఆకు వాడుపట్టినంక ఎరువేసి తడి ఇస్తే ఒక్కసారే పూత దూస్తది. ఎప్పుడూ తడి మీదున్న చెట్టు ఆకు పచ్చగ ఉంటది, పూత పలుచన. నువ్వు ఏడాది తడి ఆపలేదు. కొన్ని వారాలు పేజీ నింపకు. అట్లని బెట్ట మితిమీరితే కొమ్మే ఎండుతది, రైతు రోజూ పోయి ఆకు చూసుకుంట ఉంటడు. నువ్వు కూడా చూసుకుంట ఉండు.

మళ్ల మొదలుపెట్టినప్పుడు రోజుకో పేజీ షరతు వద్దు. ఆ ముసలాయన కుప్ప కాడికే మళ్ల మళ్ల పో. ఒకసారి నీ కుర్చీ నుంచి రాయి, ఒకసారి హమాలీ నిలబడ్డ కాడి నుంచి రాయి. రెండూ పారేసినా పర్వాలేదు. ఏది ఎన్ని పేజీలైతదని నన్ను అడగకు, నాకు తెలిస్తే నేనే రాసుకుందు.

అయితే వడ్ల ముచ్చట వచ్చే పంట దాక ఆగినా నడుస్తది. డ్యాం సంగతి అట్ల కాదు. మీ తాత లేడని నీ పేజీలోనే ఉన్నది. ఆయనతోని పని చేసినోళ్లు సాగర్ చుట్టుపక్కల ఇంకా కొందరు ఉంటరు. ఇరవై ఏండ్ల పడుసుతనంలో వచ్చినోళ్లు కూడా ఇప్పుడు ఎనభై దాటే ఉంటరు. యాసంగి వడ్లు కొనుడు మొదలైతే నీకు ఊపిరి ఆడదు కాబట్టి, అంతకు ముందే పోయి రా. ఫోన్‌లో రికార్డు పెట్టుకో, కానీ మొదటి గంట పెట్టకు, చాయ తాగి అటూ ఇటూ మాట్లాడినంక అడిగి పెట్టు. ఒక్కదానివే పోకు, మీ నాయినను తోలుకపో. ఫలానా ఆయన కొడుకు అని తెలిస్తే వాళ్లు నీకు చెప్పని కూలి లెక్కలు ఆయనకు చెప్తరు.

ఇట్లు
మీ సార్