బిగ్ సైప్రస్ గస్తీకి వెళ్తున్న తమ్ముడి కొడుకుకు

సెయింట్ అగస్టీన్, ఫ్లోరిడా,
1856 జనవరి

చిరంజీవి నాయనకు పెదనాన్న ఆశీస్సులు.

ఫోర్ట్ మయర్స్ నుంచి పదిమందిని వెంటబెట్టుకుని బిగ్ సైప్రస్ చిత్తడి అడవిలోకి గస్తీ వెళ్ళమని నీకు ఉత్తర్వు వచ్చినట్టు మీ నాన్న వ్రాశాడు. పాములకూ, మొసళ్ళకూ, నడుము లోతు నీళ్ళకూ జంకుతున్నావట. నీళ్ళలో నడిచేటప్పుడు ఎంతటి సోమరి సైనికుడైనా కళ్ళు తెరుచుకునే ఉంటాడు గనుక నాకు ఆ బెంగ లేదు. పొడినేల మీద కాలు మోపి అమ్మయ్య అనుకునే ఘడియ గురించే నా బెంగ.

1835 డిసెంబరులో మేజర్ డేడ్ నూరుమందికి పైగా సైనికులతో ఫోర్ట్ బ్రూక్ నుంచి ఫోర్ట్ కింగ్‌కు బయలుదేరి, నదులు దాటేవరకూ రెండు ప్రక్కలా కాపలా నడిపించాడు. 28వ తేదీన పల్చని పైన్ అడవిలోకి రాగానే గండం గడిచిందనుకుని ఆ కాపలా మానేశాడు. చలికి సైనికులు తూటాల పెట్టెల మీదుగా కోట్లు తొడిగి బొత్తాములు పెట్టుకున్నారు. మనతో పోరాడుతున్న ఇక్కడి ఆదివాసులు సెమినోలులు పొంచి ఉండి జరిపిన మొదటి కాల్పులకే దాదాపు సగంమంది కూలిపోయారు. దారి ఎంత తేటగా కనిపించినా ప్రక్క కాపలా తీయవద్దు. చలి ఎంత కొరికినా తూటాల పెట్టె కోటు పైనే ఉండాలి. నీళ్ళలో దిగితే దాన్ని మెడకు కట్టించు.

నీటి నడుమ చెట్లు దట్టంగా పెరిగిన మెట్టను ఇక్కడ హమాక్ అంటారు. అలసిన కాళ్ళు తిన్నగా దాని వైపే లాగుతాయి. 1837 క్రిస్మస్ నాడు ఒకీచోబీ సరస్సు దగ్గర ఆరవ పదాతిదళంలో ఉన్న నేను, రంపపు అంచుల సాగ్రాస్ గడ్డిలో, మోకాలు దాటిన బురదలో అటువంటి మెట్ట వైపే నడిచాను. సెమినోలులు తమ ముందున్న గడ్డిని ముందే కోసి, తుపాకులు ఆనించుకోవడానికి చెట్లకు గాట్లు పెట్టుకున్నారు. మనవాళ్ళు 26 మంది పోయారు, 112 మంది గాయపడ్డారు. మెట్ట ముందు గడ్డి కోసినట్టు కనిపిస్తే ఆగిపో. నీటిలో కలక ఇంకా తేరలేదంటే ఎవరో ఇప్పుడే నడిచి వెళ్ళారని అర్థం. ఏ చెట్ల గుంపు మీద కొంగలు వాలబోయి మళ్ళీ లేచిపోతాయో అటు ఒక్కడినే, చుట్టు తిరిగి, ముందుగా పంపు.

ఏమరుపాటు మనకొక్కరికే కాదు. 1840 డిసెంబరులో కర్నల్ హార్నీ సుమారు 90 మందితో దోనెలలో, ఒక నల్లజాతి బానిస చూపిన దారిలో ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల లోపలికి వెళ్ళాడు. అక్కడిదాకా సైన్యం రాలేదన్న ధీమాతో ఉన్న ఆదివాసుల నాయకుడు చకైకా తన దీవిలోనే దొరికిపోయాడు. దారి తెలిసిన మనిషి విలువ అది. అదే ఏడు క్యూబా నుంచి తెప్పించిన వేటకుక్కలు నీటిలో వాసన పట్టలేక తెల్లమొహాలు వేశాయి; ఎవరైనా మళ్ళీ కుక్కల మాటెత్తితే నవ్వి ఊరుకో.

లెఫ్టినెంట్ హార్ట్‌సఫ్ గస్తీ మీద పోయిన నెల 20న దాడి జరిగింది తెల్లవారి విడిది ఎత్తుతున్న వేళలోనే. అందుకని సామాను సర్దేటప్పుడు సగంమంది చేతుల్లో తుపాకులుండాలి, గుర్రాలకు జీనులు వేయడం మిగతా సగం చూసుకుంటారు. రాత్రి వంట ఒకచోట చేసుకుని, నిద్రకు వేరొక చోటికి మారండి.

క్వినైన్ పొట్లాన్నీ, రెండు జతల ఉన్ని మేజోళ్ళనూ పంపుతున్నాను. ఒక జతను మైనపు గుడ్డలో చుట్టి, పడుకునేటప్పుడే విప్పు.